బిల్ విల్లిస్ ఎవరు? ఒక అమెరికన్ ఫుట్‌బాల్ లైన్‌మన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా క్రీడల్లో వర్ణవివక్షను బద్దలుకొట్టింది ఎవరంటే చాలామంది జాకీ రాబిన్సన్ పేరు చెబుతారు. బేస్‌బాల్ వరకు అది నిజమే. రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున మైదానంలో దిగింది 1947 ఏప్రిల్ 15న. దానికి ఏడు నెలల ముందే, 1946 సెప్టెంబరు 6న, క్లీవ్‌లాండ్‌లో అరవై వేల మంది చూస్తుండగా ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడారు. ఒకరు మారియన్ మోట్లీ, ఇంకొకరు బిల్ విల్లిస్. మోట్లీ బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు, ఎన్ని గజాలు పరిగెత్తాడో రికార్డు పుస్తకాల్లో ఉంది. విల్లిస్ లైన్‌మన్. ఆ రోజుల్లో లైన్‌మన్ చేసిన పనిని ఎవరూ లెక్కగట్టలేదు. ఆయన పేరు మరుగున పడటానికి అదే పెద్ద కారణమని నా నమ్మకం. ఈ పేజీ రాయడం కూడా అందుకే.

ఇది మనం ఫుట్‌బాల్ అనే ఆటేనా?

కాదు. ఇది కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతితో అమెరికాలో ఆడే ఆట. జట్టుకు పదకొండు మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. అవతలి చివర గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఈ పేజీ చదవడానికి ఇంతకు మించి తెలియక్కర్లేదు.

లైన్‌మన్ ఏం చేస్తాడు?

ప్రతి ప్రయత్నానికి ముందు రెండు జట్లూ ఎదురెదురుగా వంగి, చేతులు నేలకు ఆనించి నిలబడతాయి. ముందు వరుసలో ఉండే బలిష్ఠులే లైన్‌మన్లు. బంతి ఉన్న జట్టులో నడిమధ్య ఉండేవాడు సెంటర్. అతను బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనకనున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆటను నడిపించేవాడు) చేతికి అందిస్తాడు. సెంటర్‌కు రెండు పక్కలా గార్డులు, వాళ్ళ పక్కన టాకిళ్ళు. ఎదురుగా వచ్చే వాళ్ళను అడ్డుకుని, తమవాళ్ళు పరిగెత్తడానికో బంతి విసరడానికో కాస్త చోటు, కాస్త సమయం సంపాదించి పెట్టడం ఈ ఐదుగురి పని. అవతలి జట్టు లైన్‌మన్లు ఆ గోడను ఛేదించుకుని లోపలికి చొరబడాలి.

కబడ్డీ చూసేవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రైడర్ పేరే అందరి నోటా ఉంటుంది, కానీ మ్యాచ్ చాలాసార్లు చీలమండ దొరకబుచ్చుకున్న మూల ఆటగాడి వల్లే మలుపు తిరుగుతుంది.

విల్లిస్ పేరు తెచ్చుకున్న స్థానం మిడిల్ గార్డ్. అప్పట్లో రక్షణ వరుసలో ఐదుగురుండేవారు. వాళ్ళలో సరిగ్గా సెంటర్‌కు ఎదురుగా, ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడేవాడే మిడిల్ గార్డ్. ఇప్పుడు ఆ స్థానం దాదాపు కనుమరుగైంది.

ఎక్కడ పుట్టాడు? ఈ ఆటలోకి ఎలా వచ్చాడు?

1921 అక్టోబరు 5న ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో పుట్టాడు. పసితనంలోనే తండ్రి న్యుమోనియాతో చనిపోయాడు. తల్లి, తాత పెంచారు. కొలంబస్ ఈస్ట్ హైస్కూల్లో చదివాడు. అన్న క్లాడ్ అదే బడిలో ఫుల్‌బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని దూసుకెళ్ళే ఆటగాడిగా, అప్పటికే పెద్ద పేరు సంపాదించాడు. అదే స్థానంలో ఆడితే జీవితమంతా అన్నతో పోలుస్తారని భయపడి తమ్ముడు లైన్‌లోకి వెళ్ళాడు. పరుగు పందాల్లో పాల్గొనే కుర్రాడు, బంతి చేతికి రాని స్థానాన్ని కోరి ఎంచుకున్నాడు. ఆయన ఆట మొత్తం ఈ ఎంపిక మీదే నిలబడింది. లైన్‌లో ఉండేవాళ్ళకు బలం ఉంటుంది, వేగం అరుదు. విల్లిస్‌కు వేగం ఉంది.

బడి అయ్యాక ఒక ఏడాది పనిచేసి, 1941లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడ కోచ్‌గా అదే ఏడాది పాల్ బ్రౌన్ వచ్చాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

కాలేజీలో ఏం సాధించాడు?

1942లో ఒహాయో స్టేట్ తొమ్మిది గెలిచి ఒక్కటే ఓడింది. ఆ ఓటమి విస్కాన్సిన్ చేతిలో. రైలులో తాగిన నీళ్ళు పడక ఆటగాళ్ళలో చాలామందికి కడుపు చెడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా ఆ ఏడాది పత్రికల ఓటింగులో జాతీయ చాంపియన్‌గా నిలిచింది, ఆ యూనివర్సిటీకి అదే మొదటిసారి. విల్లిస్ అప్పుడు టాకిల్‌గా ఆడేవాడు.

యుద్ధం రోజులవి. విల్లిస్ సైన్యంలో చేరడానికి వెళ్ళాడు కానీ కాళ్ళలో నరాలు ఉబ్బి ఉన్నాయని వైద్య పరీక్షలో తిప్పి పంపేశారు. తోటి ఆటగాళ్ళు చాలామంది యుద్ధానికి వెళ్ళిపోవడంతో 1943లో జట్టు పదిహేడేళ్ళ కుర్రాళ్ళతో నిండిపోయింది. మూడు గెలిచి ఆరు ఓడారు. 1944లో మళ్ళీ లేచారు. తొమ్మిదికి తొమ్మిదీ గెలిచారు. ఆ జట్టులోని లెస్ హోర్వాత్‌కు ఆ ఏడాది హైస్‌మన్ ట్రోఫీ, అంటే దేశంలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే బహుమతి, వచ్చింది. విల్లిస్ ఆల్ అమెరికన్‌గా, అంటే దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్ళలో ఒకడిగా, ఎంపికయ్యాడు. ఆ గౌరవం దక్కిన తొలి ఒహాయో స్టేట్ నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు ఆయనే.

మరి వెంటనే ప్రొఫెషనల్ జట్టులోకి ఎందుకు తీసుకోలేదు?

నల్లజాతివాడు కాబట్టి. దీన్ని మెత్తగా చెప్పాల్సిన పనిలేదు.

అమెరికాలో ప్రధాన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్. అది మొదలైన 1920లో నల్లజాతి ఆటగాళ్ళు ఉన్నారు. ఫ్రిట్జ్ పొలార్డ్ ఆ ఏడాదే చాంపియన్‌గా నిలిచిన అక్రన్ జట్టులో ఆడాడు. 1933లో జో లిలార్డ్, రే కెంప్ ఆడారు. ఆ సీజన్ తర్వాత తలుపులు మూసుకుపోయాయి. 1934 నుంచి 1945 దాకా పన్నెండు సీజన్లలో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. రాతపూర్వకంగా ఏ నియమమూ లేదు. జట్ల యజమానులు అలాంటి ఒప్పందమేదీ లేదనే అన్నారు. పన్నెండేళ్ళపాటు అంత పెద్ద దేశంలో పనికొచ్చే నల్లజాతి ఆటగాడు ఒక్కడూ దొరకలేదంటే ఎవరు నమ్ముతారు?

అందుకే అజేయ జట్టులో ఆల్ అమెరికన్‌గా నిలిచిన విల్లిస్, చదువయ్యాక ఫ్రాంక్‌ఫర్ట్‌లోని కెంటకీ స్టేట్ కాలేజీలో కోచ్‌గా చేరాడు. అది నల్లజాతి విద్యార్థుల కాలేజీ. గౌరవమైన ఉద్యోగమే, కానీ ఆయన వయసు అప్పటికి ఇరవై మూడు. ఆడాలనే ఉంది.

1946లో ఏం జరిగింది?

యుద్ధం అయిపోగానే ఎన్ఎఫ్ఎల్‌కు పోటీగా ఆల్ అమెరికా ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్ అనే కొత్త లీగ్ మొదలైంది. క్లీవ్‌లాండ్‌లో టాక్సీల వ్యాపారం చేసే మిక్కీ మెక్‌బ్రైడ్ ఒక జట్టు పెట్టి, పాల్ బ్రౌన్‌ను కోచ్‌గా తెచ్చుకున్నాడు. జట్టుకు ఆయన పేరే పెట్టారు, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అని.

విల్లిస్ తన పాత కోచ్‌ను సంప్రదించి ఆడతానన్నాడు. తర్వాత చెబుతానన్నాడు బ్రౌన్. కబురు రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి, కెనడాలోని మాంట్రియల్ జట్టుకు ఆడటానికి ఒప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే కొలంబస్ పత్రికలో క్రీడలు రాసే పాల్ హోర్నుంగ్ ఫోన్ చేసి, దారిలో బౌలింగ్ గ్రీన్‌లో జరుగుతున్న బ్రౌన్స్ శిక్షణ శిబిరానికి ఒకసారి వెళ్ళమని నచ్చజెప్పాడు. తర్వాత తేలిందేమంటే, ఆ ఫోన్ వెనక ఉన్నది పాల్ బ్రౌనే. (ఈ హోర్నుంగ్ విలేఖరి. తర్వాతి కాలంలో గ్రీన్ బే జట్టుకు ఆడిన పాల్ హోర్నుంగ్ వేరు. ఇంటర్నెట్లో ఇద్దరినీ కలిపేస్తుంటారు.)

శిబిరంలో విల్లిస్‌ను సెంటర్ మో స్కారీకి ఎదురుగా నిలబెట్టారు. స్కారీ ఆషామాషీ ఆటగాడు కాదు. 1945లో ఎన్ఎఫ్ఎల్ చాంపియన్‌గా నిలిచిన క్లీవ్‌లాండ్ రామ్స్‌కు కెప్టెన్‌గా ఉన్నవాడు. బంతి కదిలిందో లేదో, విల్లిస్ స్కారీని దాటేసి క్వార్టర్‌బ్యాక్ మీద ఉన్నాడు. రెండోసారి కూడా అంతే. ఎటువైపు అడ్డుపెడితే రెండోవైపు నుంచి వచ్చాడు, ఒకసారి పైనుంచే దూకాడు. స్కారీకి చిర్రెత్తుకొచ్చింది. ఇతను ముందే కదులుతున్నాడు, ఆఫ్‌సైడ్, చూడండి అని గొడవపెట్టాడు. కోచ్‌లు పక్కకు వచ్చి, బంతి ఉన్న గీత వెంబడి వంగి కళ్ళార్పకుండా చూశారు. తప్పు లేదు. బంతి కదిలాకే విల్లిస్ కదులుతున్నాడు.

రహస్యం చాలా చిన్నది. విల్లిస్ సెంటర్ ముఖాన్ని చూసేవాడు కాదు, క్వార్టర్‌బ్యాక్ అరుపులు వినేవాడు కాదు. బంతి మీద సెంటర్ వేళ్ళను మాత్రమే చూసేవాడు. బంతి లేపే ముందు ఆ వేళ్ళు బిగుసుకుంటాయి. ఆ బిగువే ఆయనకు సైగ. బంతి లేస్తూనే ఆయనా లేచేవాడు. పరుగు పందెంలో తుపాకీ శబ్దానికి లేవడం అలవాటైన ఒళ్ళు అది.

ఆ రోజే ఒప్పందం మీద సంతకం అయింది. ఏడాదికి 4,000 డాలర్లు. కొన్ని రోజులకు మోట్లీని కూడా పిలిపించారు. విల్లిస్‌కు గదిలో తోడు కావాలి కాబట్టే మోట్లీని తెచ్చారని చాలామంది రాశారు. కారణం ఏదైనా, ఆ వచ్చినవాడు లీగ్‌లోకెల్లా గొప్ప ఫుల్‌బ్యాక్ అయ్యాడు.

అయితే తలుపు తెరిచింది విల్లిస్, మోట్లీలేనా? రామ్స్ ముందు కాదా?

తగువులాడాల్సినంత తేడా లేదు, కానీ అడుగుతారు కాబట్టి చెబుతాను. రామ్స్ జట్టు 1946లో క్లీవ్‌లాండ్ వదిలి లాస్ ఏంజిలెస్ వెళ్ళింది. అక్కడి కొలీజియం ప్రజల డబ్బుతో కట్టిన మైదానం. నల్లజాతి ఆటగాళ్ళను రానివ్వని జట్టుకు దాన్ని ఎలా ఇస్తారని నల్లజాతి పత్రికల విలేఖరులు నిలదీశారు. దాంతో రామ్స్ 1946 మార్చిలో కెన్నీ వాషింగ్టన్‌ను, తర్వాత వుడీ స్ట్రోడ్‌ను తీసుకుంది. సంతకాల్లో వాళ్ళు ముందు. కానీ రామ్స్ మొదటి మ్యాచ్ సెప్టెంబరు చివర్లో, బ్రౌన్స్ మొదటి మ్యాచ్ సెప్టెంబరు 6న. నలుగురినీ కలిపి తలుచుకోవడమే న్యాయం.

ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. వాషింగ్టన్, స్ట్రోడ్‌లకు అవకాశం వచ్చేసరికి ఇరవై ఏడు దాటాయి, వాషింగ్టన్ మోకాళ్ళు అప్పటికే దెబ్బతిన్నాయి. నిషేధం వాళ్ళ మంచి ఏళ్ళను మింగేసింది. విల్లిస్‌కు అప్పటికి ఇరవై అయిదు కూడా నిండలేదు. వర్ణం అడ్డు లేకపోతే ఎంత ఆడగలరో ఒక పూర్తి కెరీర్‌తో చూపించే అవకాశం ఆయనకు, మోట్లీకి దక్కింది.

మైదానంలో వివక్ష ఎలా ఉండేది?

బాగా ఉండేది. బూతులు, ఆట ఆగాక కావాలని చేతుల మీద మేకుల బూట్లతో తొక్కడం, అంపైర్లు చూసీ చూడనట్టు ఉండటం. మోట్లీ తర్వాతి రోజుల్లో ఇదంతా దాపరికం లేకుండా చెప్పాడు. తిరగబడొద్దని, ఒక్కసారి చేయి చేసుకుంటే ఈ ప్రయత్నమంతా నీరుగారిపోతుందని పాల్ బ్రౌన్ ఇద్దరికీ ముందే చెప్పాడు. ఇద్దరూ ఆ మాట మీద ఉన్నారు.

1946 డిసెంబరులో మయామీలో మ్యాచ్. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి ఆడటాన్ని ఫ్లోరిడా చట్టం అనుమతించేది కాదు. బెదిరింపు ఉత్తరాలు కూడా వచ్చాయి. ఇద్దరినీ క్లీవ్‌లాండ్‌లోనే ఉంచి జట్టు మయామీ వెళ్ళింది, 34–0తో గెలిచి వచ్చింది. ఆ సీజన్ అవగానే మయామీ జట్టు దివాలా తీసి లీగ్ నుంచి పోయింది.

పాల్ బ్రౌన్‌ను ఎంతవరకు మెచ్చుకోవాలి?

చాలావరకు. తెల్లవాడా నల్లవాడా అని చూడకుండా గెలిపించేవాడెవడో చూశాడు. హైస్కూల్లో, కాలేజీలో కూడా నల్లజాతి కుర్రాళ్ళతో జట్లు కట్టినవాడు. కానీ విల్లిస్‌ను నేరుగా పిలవలేదన్నది కూడా నిజం. తనంతట తానే వచ్చినట్టు కనిపించేలా ఏర్పాటు చేశాడు. పత్రికల రచ్చ తప్పించడానికి అది తెలివైన ఎత్తే. ఆ ఎత్తు ఫలించకపోతే నష్టపోయేది మాత్రం బ్రౌన్ కాదు, ఏ హామీ లేకుండా ఆ శిబిరానికి వెళ్ళిన విల్లిస్. అందుకే నా దృష్టిలో ధైర్యంలో పెద్ద వాటా ఆటగాడిదే.

ఆయన గణాంకాలు ఎక్కడ దొరుకుతాయి?

దాదాపు దొరకవు. క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా పడగొట్టడాన్ని ఎన్ఎఫ్ఎల్ అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లో. విల్లిస్ ఆట ముగిసి అప్పటికి దాదాపు ముప్పై ఏళ్ళు. కాబట్టి ఆయన్ను జట్టు ఫలితాలను బట్టి, తోటివాళ్ళ సాక్ష్యాన్ని బట్టి అంచనా కట్టాలి.

ఆ ఫలితాలు మామూలువి కావు. కొత్త లీగ్ నాలుగేళ్ళు నడిచింది, 1946 నుంచి 1949 వరకు. నాలుగేళ్ళూ బ్రౌన్సే చాంపియన్. 1948లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 1950లో ఎన్ఎఫ్ఎల్‌లో చేరినప్పుడు, చిన్న లీగ్‌లో గెలిచినవాళ్ళు ఇక్కడ నిలవలేరన్నారు. మొదటి మ్యాచ్‌లోనే అప్పటి చాంపియన్ ఫిలడెల్ఫియాను 35–10తో ఓడించారు. ఆ ఏడాది ఎన్ఎఫ్ఎల్ కప్పు కూడా వాళ్ళదే. తర్వాత మూడేళ్ళూ వరసగా ఫైనల్ దాకా వెళ్ళి ఓడారు. అంటే విల్లిస్ ఆడిన ఎనిమిది సీజన్లలో ఎనిమిదిసార్లూ ఆయన జట్టు ఫైనల్లో ఉంది. 1950 సీజన్ తర్వాత మొదలైన ప్రో బౌల్‌కు, అంటే లీగ్‌లోని మేటి ఆటగాళ్ళు ఆడే మ్యాచ్‌కు, వరసగా మూడుసార్లు ఎంపికయ్యాడు.

ఒక్క సంఘటనతో ఆయన ఆట చెప్పమంటే?

1950 డిసెంబరు 17. ఆ సీజన్‌లో బ్రౌన్స్ ఓడింది రెండే మ్యాచ్‌లు, రెండూ న్యూయార్క్ జెయింట్స్ చేతిలోనే. ఇద్దరూ సమానంగా నిలవడంతో ఫైనల్‌కు ఎవరు వెళ్ళాలో తేల్చే మ్యాచ్ క్లీవ్‌లాండ్‌లో పెట్టారు. మైదానం గడ్డకట్టి రాయిలా ఉంది. చివరి క్వార్టర్‌లో బ్రౌన్స్ ఆధిక్యం మూడంటే మూడు పాయింట్లు. అప్పుడు జెయింట్స్ ఆటగాడు జీన్ రాబర్ట్స్ బంతితో తప్పించుకుని పరుగు తీశాడు. అతని వేగానికి జనం పెట్టిన ముద్దుపేరు రైలు కూత, "చూచూ". ముందు ఎవరూ లేరు. టచ్‌డౌన్ అయిపోయిందనే అనుకున్నారంతా.

వెనకనుంచి పట్టుకున్నది ఒక లైన్‌మన్. గీతకు నాలుగు గజాల దూరంలో విల్లిస్ అతన్ని పడగొట్టాడు. బంతి పక్కనే నిలబడి కుస్తీ పట్టాల్సిన మనిషి, జట్టులోకెల్లా వేగమున్నవాణ్ణి తరిమి పట్టాడు. జెయింట్స్ ఆ నాలుగు గజాలూ దాటలేక ఫీల్డ్ గోల్‌తో (బంతిని కర్రల మధ్యకు తంతే వచ్చే మూడు పాయింట్లతో) సరిపెట్టుకున్నారు. 3–3. ఆఖరి నిమిషంలో లూ గ్రోజా బంతిని కర్రల మధ్యకు తన్ని ఆధిక్యం తెచ్చాడు, తర్వాత సేఫ్టీతో, అంటే బంతి ఉన్న జట్టును దాని సొంత గీత వెనకే పడగొట్టడంతో, ఇంకో రెండు వచ్చాయి. 8–3. వారం తర్వాత, డిసెంబరు 24న, ఫైనల్లో రామ్స్‌ను 30–28తో ఓడించి కప్పు కొట్టారు. ఆ నాలుగు గజాల దగ్గర రాబర్ట్స్ పడకపోతే ఆ ఫైనల్ బ్రౌన్స్ ఆడేదే కాదేమో.

ఆయన బరువు నిజంగా వంద కిలోల లోపేనా?

అవును. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, బరువు సుమారు 97 కిలోలు. ఇప్పటి ఎన్ఎఫ్ఎల్ లైన్‌మన్లలో చాలామంది 135 కిలోలు దాటి ఉంటారు. అప్పట్లో కూడా ఎదుటి లైన్‌లో ఆయనకన్నా బరువైనవాళ్ళే ఎక్కువ. ఆయనకు "పిల్లి" అనే పేరు వచ్చింది ఆ చురుకుదనం వల్లే. బంతి విసరబోతున్నారని పసిగడితే వెనక్కి జారి, పాస్‌ను అడ్డుకునేవాడు. రక్షణ వరుసకు కాస్త వెనక, మధ్యలో నిలబడే మిడిల్ లైన్‌బ్యాకర్ అనే స్థానానికి ఈ పద్ధతే తొలి రూపమని ఆట చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు.

ఆట మానేశాక ఏం చేశాడు?

1953 సీజన్‌తో ఆపేశాడు, ముప్పై రెండేళ్ళకు. మొదట క్లీవ్‌లాండ్ నగరపాలక సంస్థలో ఆటల విభాగంలో పనిచేశాడు. తర్వాత సొంత ఊరు కొలంబస్ తిరిగి వచ్చి, దారి తప్పిన పిల్లల బాగోగులు చూసే రాష్ట్ర సంస్థ ఒహాయో యూత్ కమిషన్‌లో చేరి, దాని అధిపతి అయ్యాడు. ఆట ఆడిన ఏళ్ళకన్నా ఈ పనిలో గడిపిన ఏళ్ళే చాలా ఎక్కువ. దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు, రాయాలి.

1971లో కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, 1977లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2007 నవంబరు 3న ఒహాయో స్టేట్ ఆయన జెర్సీ నంబరు 99ని ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. అదే నెల 27న కొలంబస్‌లో ఆయన చనిపోయాడు. వయసు 86.

ఆయన తర్వాత మిగతా జట్లు వెంటనే మారాయా?

లేదు. బ్రౌన్స్ మాత్రం 1947లో హొరేస్ గిలమ్‌ను, 1950లో లెన్ ఫోర్డ్‌ను తీసుకున్నారు. మిగతా జట్లు ఒక్కొక్కటిగా, నెమ్మదిగా మారాయి. అన్నిటికన్నా చివర కదిలింది వాషింగ్టన్ జట్టు, 1962లో. విల్లిస్ మొదటి మ్యాచ్ ఆడిన పదహారేళ్ళకు. మయామీలో ఆడనివ్వని చట్టం కన్నా, ఏ చట్టమూ లేకుండానే అన్నేళ్ళు తలుపు మూసి ఉంచిన ఆ పట్టుదలే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మేం కొలంబస్‌లో ఉంటున్నాం. చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా?

ఒహాయో స్టేట్‌లో చదివే తెలుగు పిల్లలు, కొలంబస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న. ఒహాయో స్టేడియంలో మ్యాచ్‌కు వెళ్తే, రిటైర్ చేసిన నంబర్ల వరుసలో 99 కోసం వెతకండి. కాంటన్‌లోని ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ కొలంబస్ నుంచి కారులో సుమారు రెండు గంటలు. అక్కడ విల్లిస్ కంచు విగ్రహం ఉంది, మోట్లీది కూడా ఉంది. మోట్లీ పెరిగిన ఊరు కూడా కాంటనే. పిల్లలతో వెళ్తే క్వార్టర్‌బ్యాక్‌ల దగ్గరే సమయమంతా అయిపోతుంది, కాబట్టి ముందు ఈ ఇద్దరినీ చూసి తర్వాత మిగతావి చూడండి.